ముడి వజ్రానికి రేటు ఎవరు కడతారు?

వజ్రాల గురించి ఏమైనా అడగమని పోయిన నెల రాశాం. నగల సంగతి కన్నా, నగలోకి ఎక్కకముందు రాయి సంగతి తెలుసుకోవాలన్న వాళ్ళే ఎక్కువమంది. చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

నగల దుకాణంలో లెక్కలు రాస్తాను. బంగారం రేటు పొద్దున్నే ఫోన్లోకి వచ్చేస్తుంది. ముడి వజ్రానికి అలాంటి రేటు ఎందుకు లేదు? (పాఠకుడు, సౌకార్‌పేట)

బంగారం కరిగిస్తే అంతా ఒకటే. ఒక గ్రాముకీ ఇంకో గ్రాముకీ తేడా ఉండదు. ముడి రాయి అలా కాదు. దాని ధర, దానిలోంచి ఏం తేలుతుందో ముందే అంచనా వేసి కట్టే ధర.

లెక్క కోసం ఒక క్యారెట్, అంటే 0.2 గ్రాముల ముడి రాయి తీసుకోండి. సానపడితే 40 సెంట్లు (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు) మిగులుతుందని కొనేవాడి అంచనా. ఆ నాణ్యత గల 40 సెంట్ల రాయి క్యారెట్‌కి 1,500 డాలర్లు పలుకుతుందనుకుందాం. అంటే చేతికొచ్చేది 600. కూలి, వడ్డీ, లాభం కలిపి 100 తీసేస్తే ముడి రాయికి 500 దాకా పెట్టొచ్చు. ఇప్పుడు మచ్చ సరిగ్గా నడిమధ్యన ఉండి, దాన్ని తప్పించుకుంటూ కోస్తే 32 సెంట్లే తేలిందనుకోండి. రాయి చిన్నదైంది కాబట్టి క్యారెట్ రేటు కూడా దిగి 1,200 అవుతుంది. చేతికొచ్చేది 384, ఖర్చులు పోగా 284. తేడా ఎనిమిది సెంట్లే, కానీ ముడి రాయి విలువ దాదాపు సగానికి పడిపోయింది.

మీ దుకాణంలో "ర్యాప్ మీద ఇంత తక్కువ" అన్న మాట వినే ఉంటారు. 1978 నుంచి వస్తున్న ఆ రాపాపోర్ట్ ధరల పట్టిక సానపట్టిన రాళ్ళకే. ముడి రాళ్ళకి అందరూ ఒప్పుకునే పట్టిక లేదు. పెద్ద గని కంపెనీల దగ్గర ఎవరి ధరల పుస్తకం వాళ్ళకుంటుంది, దాన్ని బయటపెట్టరు.

గనిలోంచి వచ్చిన రాళ్ళని ఎలా వేరుచేస్తారు? యంత్రాలా, మనుషులా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, గిండీ)

రెండూ. గని దగ్గర పని యంత్రాలది. పిండి చేసిన ఖనిజాన్ని ఫెర్రోసిలికాన్ కలిపిన బరువైన ద్రవంలో తిప్పితే తేలిక రాళ్ళు పైకి పోతాయి, వజ్రంలాంటి బరువైనవి కిందికి దిగుతాయి. వాటి మీద ఎక్స్‌రేలు పడగానే వజ్రం వెలుగుతుంది, ఆ వెలుగు చూసి యంత్రం గాలి ఊది పక్కకి నెడుతుంది. పాత పద్ధతి గ్రీజు పట్టీ: వజ్రానికి నీరు అంటదు గానీ గ్రీజు అంటుతుంది, మిగతా కంకర నీళ్ళతో కొట్టుకుపోతుంది. అయితే నైట్రోజన్ దాదాపు లేని మేలిరకం రాళ్ళు కొన్ని ఎక్స్‌రేకి సరిగా వెలగవు. బోట్స్వానాలోని కరోవే గనిలో రాయి గుండా ఎక్స్‌రే పంపి కార్బన్‌ని గుర్తుపట్టే యంత్రాలు పెట్టాకే, 2015లో 1,109 క్యారెట్ల రాయి ముక్కలు కాకుండా దొరికింది.

తరువాత ఆమ్లాల్లో ఉడికించి మట్టి, ఇనుపరంగు తీస్తారు. అసలు వేరుచేయడం అక్కడి నుంచి మొదలవుతుంది.

ముందు పరిమాణం. చిన్న రాళ్ళని గుండ్రటి రంధ్రాలున్న లోహపు జల్లెడ పళ్ళేల్లో వేసి ఊపుతారు. ప్రతి పళ్ళేనికీ ఒక నంబరు. "ప్లస్ 11" అంటే 11వ పళ్ళెం మీద నిలిచినవి, "మైనస్ 11" అంటే దానిలోంచి జారినవి. పెద్దవాటిని తూచి గ్రెయిన్ల లెక్కన పెడతారు. నాలుగు గ్రెయిన్లు ఒక క్యారెట్, కాబట్టి "ఫోర్ గ్రెయినర్" అంటే క్యారెట్ రాయి. 10.8 క్యారెట్లు దాటితే "స్పెషల్". దాన్ని గుంపులో కలపరు, విడిగా చూసి విడిగా ధర కడతారు.

తరువాత ఆకారం. రెండు పిరమిడ్లు అడుగులు అంటించినట్టుండే ఎనిమిది పలకల రాయి అన్నిటికన్నా మెరుగు. దాన్ని నడుము దగ్గర కోస్తే రెండు వజ్రాలు వస్తాయి, వృథా తక్కువ, బరువులో సగం దాకా నిలుస్తుంది. వంకర రాయిలోంచి ఒకటే వస్తుంది. విరిగిన ముక్కలది వేరే గుంపు. మాకల్ అనే బల్లపరుపు ముక్కోణపు జంట రాయి ఇంకో గుంపు. మందం లేదు కాబట్టి అందులో గుండ్రటి వజ్రం తీస్తే చాలా పోతుంది, అందుకే ముక్కోణం, హృదయం లాంటి ఆకారాలకి వాడతారు. పైగా రెండు స్ఫటికాలు అంటుకున్న గీత దగ్గర సాన ఎదురు తిరుగుతుంది.

మూడోది నాణ్యత, నాలుగోది రంగు. ఇవి మనిషి కంటి పనులు. బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద ఒకే పరిమాణం, ఒకే ఆకారం ఉన్న రాళ్ళ కుప్ప. పక్కన నమూనా రాళ్ళు వరసగా ఉంటాయి. పనిచేసేవాళ్ళు పటకారుతో ఒక్కో రాయినీ పట్టుకుని పది రెట్లు పెద్దగా చూపించే లూప్ అనే భూతద్దంలో తిప్పి చూస్తారు, కాగితం మీద ఏదో ఒక వైపుకి జరుపుతారు. కొంతసేపటికి ఒక కుప్ప అయిదారు కుప్పలవుతుంది. మచ్చ ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు, మచ్చ ఎక్కడుంది అన్నది ముఖ్యం. అంచున ఉంటే సానలో పోతుంది. మధ్యలో ఉంటే అక్కడే ఉండిపోతుంది.

వెలుతురు విషయంలో రాజీ లేదు. ఎండ నేరుగా పడకూడదు. మన వైపు ఉత్తరపు కిటికీ కావాలి. భూమధ్యరేఖకి అటువైపు దేశాల్లో దక్షిణపు కిటికీ కావాలి. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో వజ్రాలు వేరుచేయడానికి కట్టిన హ్యారీ ఒపెన్‌హైమర్ హౌస్ అందుకే దక్షిణానికి తిరిగి ఉంటుంది. సాయంత్రపు ఎండలో ప్రతి రాయీ పసుపే. ఇంకో మోసం ఫ్లోరెసెన్స్. కొన్ని రాళ్ళు అతినీలలోహిత కిరణాలకి నీలంగా వెలుగుతాయి, ఆ నీలం రాయిలోని పసుపుని కప్పేస్తుంది. పగలు తెల్లగా కనబడి గదిలో పసుపెక్కే రాళ్ళు ఇవే. పైపొర గరుకుగా, ఆకుపచ్చగా ఉన్న రాళ్ళయితే ఇంకా కష్టం. చిన్న కిటికీ లాంటి పలక ఒకటి సానపడితే గానీ లోపలేముందో తెలియదు. ఇజ్రాయెల్ కంపెనీ సరీన్ తయారుచేసే గెలాక్సీ యంత్రాలు లోపలి మచ్చల పటం గీసి ఇస్తున్నాయి గనక సూరత్‌లో ఈ గుడ్డిలెక్క బాగా తగ్గింది.

ఇలా పరిమాణం, ఆకారం, నాణ్యత, రంగు కలిపి చూస్తే పెద్ద గని కంపెనీ డి బీర్స్ దగ్గర ధరల తరగతులు 12,000 దాకా ఉంటాయి. వేరుచేయడమూ ధర కట్టడమూ ఒకటే పని అని దీన్నిబట్టి అర్థమవుతుంది. రాయి ఏ కుప్పలోకి వెళ్ళిందో తేలగానే దాని ధర కూడా తేలిపోయినట్టే.

డి బీర్స్ వాళ్ళు కొంతమందికే అమ్ముతారటగా? బేరం కూడా ఆడనివ్వరటగా? (పాఠకుడు, పెరంబూరు)

నిజమే, అయితే ఇప్పుడు అమ్మకాలకి అదొక్కటే దారి కాదు.

1888లో సెసిల్ రోడ్స్ కింబర్లీ గనుల్ని కలిపి డి బీర్స్ పెట్టారు. 1929లో ఎర్నెస్ట్ ఒపెన్‌హైమర్ ఛైర్మన్ అయ్యాక, ఎవరి గనిలో దొరికినా రాయి ఒకే గుమ్మం గుండా బయటికి పోవాలన్న పద్ధతి గట్టిపడింది. 1980ల చివరిలో కూడా ప్రపంచ ముడి వజ్రాల అమ్మకాల్లో 80 శాతం దాకా లండన్‌లోని ఆ ఒక్క సంస్థ చేతుల మీదుగానే పోయేవి. గిరాకీ పడిపోతే రాళ్ళు బయటికి వదలకుండా దాచేవారు. ధర అలా నిలబడింది.

అమ్మే పద్ధతి పేరు "సైట్", అంటే చూసుకోవడం. ఏడాదికి పది సైట్లు. ముందే ఎంపికైన కొనుగోలుదార్లని సైట్‌హోల్డర్లంటారు. తమకి ఏ రకం రాళ్ళు ఎంత కావాలో వాళ్ళు ముందే చెప్పుకుంటారు. ఆ వారం వెళితే వాళ్ళకోసం సర్దిన పెట్టె, దాని మీద ధర సిద్ధంగా ఉంటాయి. చూసుకోవచ్చు, తూచుకోవచ్చు. ధర మీద మాత్రం బేరం లేదు. ముందు డబ్బు, తరువాత రాళ్ళు. మార్కెట్ బాగున్న రోజుల్లో కొందరు పెట్టె విప్పకుండానే ముంబైలోనో, ఆంట్‌వర్ప్‌లోనో, దుబాయ్‌లోనో లాభం వేసుకుని ఇంకొకరికి అమ్మేస్తారు. మార్కెట్ పడిపోయినప్పుడు అదే పెట్టె గుదిబండ. తీసుకుంటే నష్టం, వద్దంటే రాబోయే సైట్లలో వాటా తగ్గుతుందేమోనన్న భయం. ఈ ఒత్తిడిలోనే మన వ్యాపారులు చాలామంది బ్యాంకు అప్పుల్లో కూరుకుపోయారు.

1996లో ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని ఈ గుమ్మం వదిలి బయటికి పోయింది. 1998లో కెనడాలో ఎకాటి గని తెరుచుకుంది. 2000లో డి బీర్స్ తానే, మార్కెట్‌ని కాపాడే బాధ్యత ఇక తనది కాదని ప్రకటించింది. 2013లో సైట్లు లండన్ నుంచి బోట్స్వానా రాజధాని గాబరోన్‌కి మారాయి. తవ్విన దేశంలోనే రాళ్ళు వేరుచేయాలి, అక్కడే అమ్మాలి అని బోట్స్వానా పట్టుబట్టి సాధించుకున్న మార్పు ఇది. వేరుచేసే బల్ల ఎవరి దగ్గరుంటే ధర మీద మాట వాళ్ళదే గనక ఆ పట్టుదల న్యాయమైనదని మా అభిప్రాయం.

రెండో దారి టెండర్. రాళ్ళని లాట్లుగా పెడతారు, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళి చూసుకోవాలి. తరువాత ఎవరి ధర వాళ్ళు రహస్యంగా వేస్తారు, ఎక్కువ వేసినవాడిదే రాయి. ఇక్కడ జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే: గెలిచేది చాలాసార్లు బాగా అంచనా వేసినవాడు కాదు, అతిగా అంచనా వేసినవాడు. అనుభవమున్న వాళ్ళు రాయిలోంచి ఏం తేలుతుందో రెండు రకాలుగా, మంచికీ చెడుకీ లెక్కవేసి, చెడ్డ లెక్కకి దగ్గరగా ధర రాస్తారు.

మూడోది బహిరంగ వేలం. పైన చెప్పిన 1,109 క్యారెట్ల రాయి, పేరు లెసెడి లా రోనా, 2016 జూన్‌లో లండన్‌లో వేలానికి వచ్చింది. పాట 6.1 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది, అమ్మకందార్ల కనీస ధరని అందుకోలేదు. మరుసటి ఏడు గ్రాఫ్ అనే నగల సంస్థ నేరుగా 5.3 కోట్లకి కొంది. ముడి రాయిని కొని, కోసి, నష్టమొస్తే భరించగలవాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే. హాలు నిండా జనం ఉన్నా ఆ లెక్క మారదు.

ముడి రాళ్ళమ్మే కంపెనీ నిశ్చితార్థపు ఉంగరాల ప్రకటనలు ఎందుకిస్తుంది? (పాఠకురాలు, మైలాపూరు)

ఒకప్పుడు నగ ఎవరిదైనా అందులో రాయి తమదే కాబట్టి. ప్రపంచంలో అమ్ముడయ్యే రాళ్ళలో అత్యధిక భాగం తమ పెట్టెల్లోంచే పోతున్నప్పుడు, ఏ ఊళ్ళో ఏ కంసాలి వజ్రపుటుంగరం అమ్మినా డి బీర్స్‌కి లాభమే. "వజ్రం శాశ్వతం" అన్న అర్థమొచ్చే ఆ ప్రసిద్ధ వాక్యాన్ని 1947లో అమెరికాలో ఎన్. డబ్ల్యు. అయర్ ప్రకటనల సంస్థలో పనిచేసే ఫ్రాన్సెస్ జెరెటీ రాశారు. అందులో ఏ దుకాణం పేరూ లేదు. పైగా, శాశ్వతమైనదాన్ని తిరిగి అమ్మరు, పాత రాళ్ళు మార్కెట్లోకి వచ్చి కొత్తవాటి ధర చెడగొట్టవు.

వాటా తగ్గాక ఆ లెక్క కుదరలేదు. ఒకరు డబ్బు పెట్టి ప్రకటన ఇస్తే పోటీదారు కూడా అమ్ముకుంటున్నాడు. అందుకే 2015లో గని కంపెనీలు ఉమ్మడిగా ఒక సంఘం పెట్టుకున్నాయి. ఇప్పుడు దాని పేరు నేచురల్ డైమండ్ కౌన్సిల్.

కింబర్లీ సర్టిఫికెట్ అడిగితే దుకాణంలో ల్యాబ్ కార్డు చేతిలో పెట్టారు. మోసమా? (పాఠకురాలు, టి.నగర్)

మోసం కాదు. 2003 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కింబర్లీ ప్రక్రియ దేశాల సరిహద్దు దాటే ముడి రాళ్ళ పొట్లాలకే వర్తిస్తుంది. సీలు వేసిన పెట్టె, దానితో ప్రభుత్వ పత్రం, ఆ పత్రంలో బరువు, విలువ ఉంటాయి. మన దేశంలో ఆ పత్రాలు చూసేది రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి. సానపట్టాక ఆ పత్రం రాయితో రాదు. మీరు అడగాల్సింది బిల్లు మీద "ఈ వజ్రాలు సంఘర్షణ ప్రాంతాలవి కావు" అన్న హామీ వాక్యం.

దాని పరిమితి కూడా తెలుసుకోండి. తిరుగుబాటుదార్లు యుద్ధానికి వాడుకునే రాళ్ళనే ఆ ప్రక్రియ ఆపుతుంది. గనిలో కూలీల బతుకు గురించి అది ఏమీ చెప్పదు. పలు దేశాల రాళ్ళు ఒకే బల్ల మీద కలిశాక పత్రంలో "మిశ్రమ మూలం" అనే పడుతుంది.

మా అమ్మమ్మగారి ఏడు రాళ్ళ కమ్మలు "బ్లూ జాగర్" అంటారు. ఇప్పుడూ అదే పేరుతో అమ్ముతున్నారు. ఏమిటది? (పాఠకురాలు, మాంబళం)

దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫోంటైన్ అనే గని పేరు మన నోట్లో జాగర్ అయింది. అక్కడి రాళ్ళకి నీలిఛాయ గల తెలుపు ఉండేది. 1893లో 995 క్యారెట్ల ఎక్సెల్సియర్ దొరికిందీ అక్కడే. రాళ్ళు వేరుచేసేవాళ్ళు గనుల పేర్లనే రంగుల పేర్లుగా వాడేవారు: తెలుపుకి జాగర్, వెసెల్టన్, పసుపుకి కేప్.

ఆ గని 1971లో మూతపడింది. అంటే ఈ రోజు దుకాణంలో బ్లూ జాగర్ అన్న మాట గని పేరు కాదు, మేలిరకమని చెప్పుకునే వ్యాపార నామం. దానికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ల్యాబ్ రిపోర్టులో రంగు అక్షరం, ఫ్లోరెసెన్స్ ఎంత అన్నవి చూసి డబ్బివ్వండి. అమ్మమ్మగారి కమ్మలు వెనక మూసిన కట్టడమైతే, రాయి విప్పకుండా ఎవరు రంగు చెప్పినా నమ్మకండి. వెనకున్న లోహమూ, పేరుకున్న మురికీ రంగుని మార్చేస్తాయి.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాలకీ సైట్లు ఉంటాయా? (విద్యార్థి, తాంబరం)

ఉండవు. యంత్రాల సంఖ్య పెంచితే రాళ్ళ సంఖ్య పెరుగుతుంది, దాచిపెట్టి ధర నిలబెట్టే వీలు లేదు. డి బీర్స్ తానే 2018లో లైట్‌బాక్స్ పేరుతో క్యారెట్ 800 డాలర్లకి అమ్మడం మొదలుపెట్టి, 2025లో ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. మీకు దగ్గర్లోనే, ఐఐటీ మద్రాస్‌కి 2023లో కేంద్రం ఈ పరిశోధన కోసం అయిదేళ్ళకి 242.96 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆసక్తి ఉంటే అటు చూడండి.

మా మేనమామగారి పొలం కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర. తొలకరికి చేలో మెరిసే రాయి దొరికింది. వజ్రమో కాదో తెలిసేదెలా? ఎక్కడ అమ్మాలి? (పాఠకుడు, కోడంబాక్కం)

ముందుగా, సుత్తితో కొట్టి చూడనివ్వకండి. వజ్రం పగలదన్న మాట తప్పు. అది గీతలకి లొంగదు గానీ నాలుగు దిశల్లో చీలుతుంది. ఒక్క దెబ్బకి మంచి రాయి ముక్కలైపోతుంది.

లూప్‌లో చూడండి. వజ్రానికి నూనె రాసినట్టు మెరుపు, గుండ్రపడిన అంచులు, పలకల మీద చిన్న చిన్న ముక్కోణపు గుంటలు ఉంటాయి. ఆరు పలకల కడ్డీలా ఉండి అడ్డగీతలుంటే అది పలుగురాయి.

తరువాత సాంద్రత. 0.01 క్యారెట్ చూపించే చిన్న కాటా చాలు. ముందు రాయి బరువు రాసుకోండి, 2.64 క్యారెట్లు అనుకుందాం. కాటా మీద చిన్న ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నటి దారానికి కట్టి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచి చేత్తో పట్టుకోండి. కాటా 0.75 చూపిస్తే 2.64ని 0.75తో భాగించండి, 3.52 వస్తుంది. వజ్రం సాంద్రత అదే. పలుగురాయి అయితే కాటా ఒకటి దగ్గర చూపిస్తుంది, లెక్క 2.65 తేలుతుంది. వజ్రానికి నీరు అంటదు కాబట్టి రాయికి గాలిబుడగలు పట్టుకుని లెక్క తప్పిస్తాయి, నీళ్ళలో ఒక చుక్క సబ్బునీరు కలపండి.

ఇంతటితో సంబరపడకండి. పుష్యరాగం, అదే టోపాజ్, సాంద్రత కూడా 3.5 దగ్గరే. వేడిని బట్టి చెప్పే డైమండ్ టెస్టర్ ఆ రెంటినీ విడదీస్తుంది. వజ్రం వేడిని ఇట్టే లాగేస్తుంది, టోపాజ్ లాగలేదు. టెస్టర్ ముల్లుని శుభ్రమైన చదును పలక మీద నిటారుగా ఆనించాలి. చివరికి జెమాలజీ ల్యాబ్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

అమ్మకం సంగతి. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో దీనికొక ప్రభుత్వ వజ్రాల ఆఫీసు ఉంది. 8 మీటర్ల చదరపు గుంటకి లైసెన్సు తీసుకుని తవ్వుకున్నవాళ్ళు రాయి అక్కడ జమచేస్తారు, ఆఫీసు వేలం వేసి, 12 శాతం దాకా రాయల్టీ పట్టుకుని మిగతాది దొరికినవాళ్ళకే ఇస్తుంది. జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు వైపు జరిగేది ఎక్కువగా వ్యాపారి గుమ్మంలోకి వచ్చి నగదు చూపించే ప్రైవేటు బేరమే. ఇక్కడా అలాంటి ఆఫీసు ఒకటి ఉంటే రైతుకి ఎంతో మేలు. ఒక హెచ్చరిక కూడా: లీజు లేకుండా గనిలా తవ్వడం 1957 నాటి ఖనిజాల చట్టం ప్రకారం నేరం. పొలంలో గోతులు మొదలుపెట్టే ముందు గనుల శాఖ ఆఫీసులో అడగండి.

వ్యాపారి "రాయికింత" అంటే ఒప్పుకోకండి. క్యారెట్‌కి ఎంత, ఎన్ని సెంట్లు తేలుతుందని లెక్కవేశారో అడగండి. ఎవరి చేతికిచ్చినా మీ ఎదుటే తూచి, ముందే తీసిపెట్టుకున్న ఫోటోలతో పోల్చి తిరిగి తీసుకోండి. ముగ్గురికి విడివిడిగా, వేర్వేరు రోజుల్లో చూపించి ధర చీటీ మీద రాసిమ్మనండి. ఒకరి చీటీ ఇంకొకరికి చూపించకండి.